చుక్కకు అర్థం మారిన చోట

1971 నాటికి న్యూజెర్సీ రాష్ట్రం మర్రే హిల్‌లోని బెల్ ల్యాబ్స్‌లో కంప్యూటర్‌తో పనిచేసేవాళ్లలో చాలామంది ముందు తెర ఉండేది కాదు, టెలిటైప్ ఉండేది. మీట నొక్కితే అచ్చు తిరిగి, చుట్ట నుంచి పైకి వచ్చే కాగితం మీద అక్షరం పడేది. టెలిటైప్ మోడల్ 33 వేగం సెకనుకు పది అక్షరాలు. వంద వరుసల ఫైలును ఒకసారి చూసుకోవాలన్నా నిమిషాల తరబడి ఆ చప్పుడు వింటూ కూర్చోవాలి. అందుకే కెన్ థాంప్సన్ రాసిన ‘ఎడ్’ అనే ఎడిటర్ మాటల్లో పరమ పొదుపరి. ఆజ్ఞలన్నీ ఒక్కో అక్షరమే. మనం తప్పు చేస్తే అది చెప్పే జవాబు కాగితం మీద పడే ఒక ప్రశ్నార్థకం, అంతే.

ఆ ఎడిటర్లో చుక్కకు మూడు కొలువులు. ఆజ్ఞ మొదట వచ్చే చుక్కకు ‘ఇప్పుడు మనం ఉన్న వరుస’ అని అర్థం. వెతకమని ఇచ్చిన నమూనాలో వస్తే ‘ఏదైనా ఒక్క అక్షరం’. కొత్త పాఠం టైపు చేస్తూ ఒక వరుసలో చుక్క ఒక్కటే పెట్టి వదిలితే ‘రాయడం అయిపోయింది, మళ్లీ ఆజ్ఞలు విను’ అని. డాలరు గుర్తుకు రెండు: ఆజ్ఞలో ఫైలు చివరి వరుస, నమూనాలో వరుస చివరి అంచు. ఇన్ని బాధ్యతల మధ్య చుక్క తన సొంత రూపంలో, వాక్యం చివర మనం పెట్టే మామూలు చుక్కగా, కావాలంటే దాని ముందు ఒక బ్యాక్‌స్లాష్ నిలబెట్టాలి. 3.50 అని వెతికితే 3.50 దొరుకుతుంది, 3050 దొరుకుతుంది, 3-50 కూడా దొరుకుతుంది. 3\.50 అని రాస్తే తప్ప ధరల పట్టికలో మూడున్నర రూపాయలు విడిగా తేలవు.

యాభై ఏళ్లు దాటినా ఈ పద్ధతి మారలేదు. ఇవాళ ప్రోగ్రామర్లు వాడే దాదాపు ఎడిటర్లన్నిటిలో, ప్రోగ్రామింగ్ భాషలన్నిటిలో చుక్క, స్టార్, డాలరు, టోపీ గుర్తు (^), చదరపు బ్రాకెట్లు ఇదే పని చేస్తున్నాయి. వీటిని కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎవరో తెలివైనవారు ఒక పూట కూర్చుని ఈ పట్టిక తయారుచేశారని అనుకుంటారు. అలా జరగలేదు. ఒక గుర్తు గణిత పత్రంలోంచి వచ్చింది. ఇంకొకటి కీబోర్డు మీద ఉంది కాబట్టి వచ్చింది. మరొకటి యంత్రంలో చోటు చాలక వదిలేసి, తర్వాత వేరే వేషంలో తిరిగి తెచ్చుకున్నది. ఆ పొరలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే గాని, ఒకచోట బ్రాకెట్ ముందు బ్యాక్‌స్లాష్ ఎందుకు పెట్టాలో, ఇంకొకచోట ఎందుకు పెట్టకూడదో అర్థం కాదు.

ఒక అక్షరం తనను తాను చెప్పుకోవడమా, తనది కాని పనికి గుర్తుగా నిలవడమా అన్న సమస్య కంప్యూటర్లకంటే చాలా పాతది. పాణినికి ఈ సమస్య ఎదురైంది. వ్యాకరణంలో ఒక శబ్దాన్ని పలికితే అది ఆ శబ్దరూపాన్నే సూచిస్తుందని, శాస్త్రం పెట్టుకున్న సంజ్ఞలకు మాత్రం ఈ నియమం వర్తించదని అష్టాధ్యాయి మొదటి అధ్యాయంలోనే ఒక సూత్రం చెబుతుంది. శివసూత్రాల చివర వచ్చే హల్లులు, వ్యాకర్తలు ‘ఇత్తులు’ అనేవి, వర్ణాలుగా లెక్కకు రావు. అవి హద్దురాళ్లు మాత్రమే. ‘అ’ నుంచి నాలుగో సూత్రం చివరి ‘చ్’ అనే హద్దు దాకా ఉన్న వర్ణాలన్నీ ‘అచ్’. ‘హ’ నుంచి చివరి సూత్రంలోని ‘ల్’ దాకా ‘హల్’. బడిలో మనం వల్లించిన అచ్చులు, హల్లులు ఈ హద్దుల పేర్లే. మొదటి అక్షరమూ చివరి హద్దూ చెప్పి మధ్యలోవన్నీ కలుపుకోవడమంటే, ఎడిటర్ నమూనాలో చదరపు బ్రాకెట్ల మధ్య రెండు అక్షరాలు రాసి వాటి నడుమ అడ్డగీత పెట్టడమే. హద్దుగుర్తు వల్ల తికమక రావడమూ అక్కడే ఉంది: ‘ణ్’ మొదటి సూత్రం చివరా ఉంది, ఆరో సూత్రం చివరా ఉంది. ‘అణ్’ అన్నప్పుడు ఏ ణకారం దాకా అన్నది వ్యాఖ్యాతలు తేల్చవలసి వచ్చింది. థాంప్సన్ పాణినిని చదివి నేర్చుకున్నారని నేననడం లేదు. భాష గురించి భాషలోనే మాట్లాడవలసి వచ్చిన ప్రతిచోటా కొన్ని అక్షరాలను సొంత అర్థం నుంచి తప్పించి పనిలో పెట్టుకోక తప్పదు, అంతే.

ఈ గుర్తుల్లో అన్నిటికంటే పాతది స్టార్. దాని పుట్టుక ఎడిటర్లో కాదు, మెదడు గురించిన ఆలోచనలో. 1943లో వారెన్ మెక్‌కలక్, వాల్టర్ పిట్స్ నాడీకణాలను తర్కపు ద్వారాలుగా ఊహించి ఒక గణిత నమూనా కట్టారు. అలాంటి నాడీజాలం తన గతంలో జరిగిన ఏయే సంఘటనలను గుర్తుపట్టగలదన్న ప్రశ్నకు 1951 వేసవిలో కాలిఫోర్నియాలోని ర్యాండ్ సంస్థలో స్టీఫెన్ క్లేనీ జవాబు వెతికారు. ఆయన తర్కశాస్త్రజ్ఞుడు, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. అలాంటి జాలానికి అందే సంఘటనలను మూడే మూడు పనులతో కట్టవచ్చని చూపించారు: ఇది లేదా అది, దీని తర్వాత అది, ఇదే ఎన్నిసార్లయినా. మూడో దానికి ఆయన ఎంచుకున్న గుర్తు స్టార్. ఈ తరగతి సంఘటనలకు ‘రెగ్యులర్’ అని పేరు పెడుతూ, ఇంతకంటే మంచి మాట ఎవరికైనా తోస్తే చెప్పమని పత్రంలోనే అడిగారు. ఎవరూ చెప్పినట్లు లేదు. 1956లో క్లాడ్ షానన్, జాన్ మెకార్తీ సంపాదకత్వంలో వచ్చిన సంకలనంలో ఆ పత్రం అచ్చయింది, పేరు అలాగే స్థిరపడింది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, ముద్దుగా రెజెక్స్, అన్న మాటకు మూలం ఇదే.

క్లేనీ స్టార్ ఇప్పటి స్టార్ కాదని చాలామంది గమనించరు. ఆయన దాన్ని రెండింటి మధ్య పెట్టారు, మనం కూడిక గుర్తు పెట్టినట్టు: మొదటిది ఎన్నిసార్లయినా వచ్చి, ఆ తర్వాత రెండోది ఒకసారి రావాలి. తర్వాతి పరిశోధకుల చేతుల్లో అది ఒకదాని వెనుక నిలిచే గుర్తుగా మారింది. ‘ఒక్కసారీ రాకపోయినా సరే’ అన్న అర్థం అప్పుడు దానికి పూర్తిగా దక్కింది. స్టార్‌ను మొదటిసారి వాడినవాళ్లు తెల్లబోయేది ఇక్కడే. ‘క’ తర్వాత స్టార్ పెట్టి వెతికితే, క లేని చోట కూడా దొరికిందంటుంది. సున్నాసార్లు రావడం కూడా రావడమేనన్నది గణితజ్ఞుడి లెక్క.

గణితంలో ఉన్న ఈ గుర్తు టైపు చేసే మనిషి చేతికి ఎలా వచ్చిందన్నది నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. 1965-66లో బర్క్‌లీలో బట్లర్ లాంప్సన్, పీటర్ డాయిచ్ టైమ్‌షేరింగ్ కంప్యూటర్ కోసం క్యూఈడీ అనే ఎడిటర్ రాశారు. అందులో వెతకడం ఉంది, కానీ ఉన్నదున్నట్టుగా వెతకడమే. బర్క్‌లీలో చదువుకుని 1966లో బెల్ ల్యాబ్స్‌లో చేరిన థాంప్సన్ ఆ ఎడిటర్‌ను ఎంఐటీ వాళ్ల సీటీఎస్ఎస్ వ్యవస్థకు, అంటే ఐబీఎం 7094 యంత్రానికి, తిరగరాశారు. తిరగరాస్తూ వెతికే మాట చోట రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పెట్టారు.

1968 జూన్‌లో అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్తల సంఘం పత్రికలో ఆయన దాని పద్ధతిని నాలుగు పేజీల్లో వివరించారు. క(మ|ల)*ము అని ఒక నమూనా అనుకుందాం. దీనికి కము సరిపోతుంది, కలము సరిపోతుంది, కమలము సరిపోతుంది. థాంప్సన్ ప్రోగ్రాం ఆ నమూనాను చదివి, దాన్ని గుర్తుపట్టే చిన్న యంత్రభాషా ప్రోగ్రాంను అక్కడికక్కడే తయారుచేస్తుంది. ఆ ప్రోగ్రాం పాఠంలో ఒక్కో అక్షరం చదువుతూ, అప్పటిదాకా సాధ్యమైన దారులన్నిటినీ ఒకేసారి వెంట ఉంచుకుంటుంది. ‘క’ చూశాక ‘మ’ కోసం, ‘ల’ కోసం, ‘ము’ కోసం ఒకే వేళ కాచుకుని ఉంటుంది. ఒక దారి మూసుకుపోతే దాన్ని వదిలేస్తుంది. చదివిన అక్షరం మీదికి వెనక్కి వెళ్లదు. క్లేనీ కాగితం మీద రుజువు చేసిన దాన్ని ఒక సంపాదకుడి పనిముట్టుగా మలచిన పత్రం ఇది. ఈ పద్ధతికి 1971లో అమెరికా పేటెంట్ కూడా దక్కింది. ఆ పత్రంలో చుక్క ఉంది, కానీ ‘ఏదైనా అక్షరం’ అన్న అర్థంలో కాదు. ఒకదాని పక్కన ఒకటి రావడాన్ని సూచించే గుర్తుగా, గణితంలో గుణకారపు చుక్కలా ఉంది. ఎడిటర్లో పక్కపక్కన రాస్తేనే చాలు కాబట్టి ఆ పనికి చుక్క అవసరం లేదు. అలా ఖాళీగా ఉన్న చుక్క మరో ఉద్యోగంలో చేరింది.

ఉద్యోగానికి పిలవదగ్గ గుర్తులు ఎన్ని ఉన్నాయన్నది అప్పుడు కీబోర్డు తేల్చే విషయం. మోడల్ 33 మీద చిన్న అక్షరాలు లేవు. మీసాల బ్రాకెట్లు లేవు, నిలువుగీత లేదు. చదరపు బ్రాకెట్లు, బ్యాక్‌స్లాష్ ఉన్నాయి. వరుస మొదలును సూచించడానికి మనం వాడే టోపీ గుర్తు కాగితం మీద టోపీగా పడేది కాదు, పైకి చూపే బాణంగా పడేది. కంప్యూటర్లో ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చే, 1963లో వచ్చిన ఆస్కీ ప్రమాణంలో ఆ స్థానంలో ఉన్నది పైబాణమే. 1967 సవరణలో అది టోపీ అయింది, ఎడమబాణం కిందిగీత అయింది. పాత యంత్రం కొత్త ప్రమాణం తెలియక బాణమే అచ్చువేస్తూ పోయింది. ‘వరుస మొదలు’ అని చెప్పే గుర్తు ఒకప్పుడు బాణమని తెలిస్తే, అది ఏదో ఒక చోటును చూపిస్తున్న గుర్తని వెంటనే తడుతుంది. టోపీలో ఆ సూచన పోయింది.

బ్యాక్‌స్లాష్ కథ ఇంకా ఆశ్చర్యం. ఐబీఎంలో పనిచేసిన బాబ్ బీమర్ 1960ల మొదట్లో దాన్ని ఆస్కీలోకి చేర్పించారు. ఆయన ఉద్దేశం వేరు. ఆల్గాల్ భాషలో ‘మరియు’, ‘లేదా’ అనే తర్కపు గుర్తులను రెండు వాలుగీతలు కలిపి /\, \/ అని రాసుకోవచ్చని. ఆ వాడుక నిలవలేదు. మిగతా ఏ భాషలోనూ ఏ పనీ లేని గుర్తుగా మిగిలిపోవడమే దాని అదృష్టం. మామూలు రాతలో ఎవరూ వాడని గుర్తు కాబట్టి, ‘నా తర్వాత వచ్చేదాన్ని మామూలుగా చదవకు’ అని చెప్పడానికి అంతకంటే అనువైనది దొరకదు. పెద్ద అక్షరాలు మాత్రమే ఉన్న టెర్మినళ్ల మీద లేని గుర్తులను యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఈ బ్యాక్‌స్లాష్‌తోనే పలికించింది: నిలువుగీత కావాలంటే బ్యాక్‌స్లాష్, ఆశ్చర్యార్థకం, మీసాల బ్రాకెట్ కావాలంటే బ్యాక్‌స్లాష్, మామూలు బ్రాకెట్.

థాంప్సన్ యునిక్స్ కోసం ఎడ్‌ను రాసినప్పుడు యంత్రం చిన్నది. క్యూఈడీలో తాను పెట్టినవాటిలో చాలా కోసేశారు. నమూనాను యంత్రభాషలోకి మార్చడం పోయింది. ‘లేదా’ను సూచించే నిలువుగీత పోయింది. గుంపు కట్టే బ్రాకెట్లు పోయాయి. స్టార్ ఒక్క అక్షరానికి మాత్రమే వర్తించేలా కుదించుకుపోయింది. మిగిలినవి చుక్క, స్టార్, టోపీ, డాలరు, చదరపు బ్రాకెట్, బ్యాక్‌స్లాష్. ఇంతకంటే తక్కువైతే పనికిరాదు, ఇంతకంటే ఎక్కువైతే యంత్రంలో పట్టదు అన్నట్టు ఆగిన పట్టిక అది. ఇవాళ్టి గుర్తులన్నిటికీ వెన్నెముక ఈ ఆరే.

తర్వాత బ్రాకెట్లు మళ్లీ కావలసి వచ్చాయి. కానీ అప్పటికే ఎడ్ వాడేవాళ్లకు బ్రాకెట్ అంటే బ్రాకెట్టే. ప్రోగ్రాంల నిండా మామూలు బ్రాకెట్లు ఉంటాయి కదా, వాటిని వెతకాలంటే ప్రతిసారీ బ్యాక్‌స్లాష్ పెట్టమనడం అన్యాయం. అందుకని కొత్త అర్థానికే బ్యాక్‌స్లాష్ తగిలించి \( \) అని పెట్టారు. ఆ క్షణంలో బ్యాక్‌స్లాష్‌కు రెండు ముఖాలు వచ్చాయి. చుక్క ముందు నిలిస్తే ప్రత్యేకార్థాన్ని తీసేస్తుంది. బ్రాకెట్ ముందు నిలిస్తే ప్రత్యేకార్థాన్ని ఇస్తుంది. నేర్చుకునేవాళ్లు ఇది అసంబద్ధమని విసుక్కుంటారు. నాకు మాత్రం ఇందులో పాతవాళ్ల రాతకోతలు చెడకూడదన్న జాగ్రత్త కనబడుతుంది. దాని ఖరీదు మాత్రం అప్పటినుంచి ప్రతి తరమూ కడుతోంది.

ఆ బ్రాకెట్లు తెచ్చిన కొత్త శక్తి కూడా చిన్నది కాదు. బ్రాకెట్లలో పట్టుకున్నదాన్ని \1 అని మళ్లీ పిలవవచ్చు. ‘ఏదో ఒక ముక్క, వెంటనే మళ్లీ అదే ముక్క’ అని అడగవచ్చు. గలగల, కిలకిల, తళతళ, చకచక లాంటి అనుకరణ పదాలన్నీ \(..*\)\1 అనే ఒక్క నమూనాతో దొరుకుతాయి. క్లేనీ సిద్ధాంతం ప్రకారం ఇది ‘రెగ్యులర్’ కాదు. ముందు ఎంత చదివామో అంతా గుర్తుపెట్టుకుంటే తప్ప తేలని పని అది. దీన్ని పూర్తిగా తేల్చడం లెక్కలో ఎంత కష్టమో 1990లో ఆల్ఫ్రెడ్ అహో చూపించారు. కోసేసిన చోట కొత్తది మొలిచి, సిద్ధాంతం హద్దు దాటిపోయింది.

ఎడ్‌లోంచి విడివడిన, ఫైళ్లలో నమూనాను వెతికిపెట్టే గ్రెప్ గురించి ఎక్కువ చెప్పను, అది అందరికీ తెలిసిన కథ. ఎడ్‌లో జి అంటే ఫైలంతా, పి అంటే అచ్చువేయి. మధ్యలో రెండు వాలుగీతల నడుమ నమూనా. ఆ ఆజ్ఞ రూపమే గ్రెప్ అన్న పేరయింది. అమెరికా రాజ్యాంగం తొలినాళ్ల 85 ఫెడరలిస్ట్ వ్యాసాల్లో ఏది ఎవరు రాశారో తేల్చాలని బెల్ ల్యాబ్స్‌లోని లీ మెక్‌మాన్ ప్రయత్నిస్తుంటే ఆ పాఠమంతా ఎడ్‌లో పట్టలేదని ఒక జ్ఞాపకం. నమూనా వెతికే భాగాన్ని ఎడిటర్ నుంచి విడదీసి ఇవ్వమని అక్కడే పనిచేసే డగ్ మెక్‌ఇల్‌రాయ్ అడిగితే మర్నాటికల్లా తయారైందని ఇంకో జ్ఞాపకం. రెండూ నిజం కావడానికి అడ్డేమీ లేదు. 1973 నాటి నాలుగో ఎడిషన్ యునిక్స్ మాన్యువల్‌లో అది ఉంది. పోగొట్టుకున్న నిలువుగీతను, బ్యాక్‌స్లాష్ లేని బ్రాకెట్లను అహో ఈగ్రెప్ అనే మరో పనిముట్టులో తిరిగి తెచ్చారు. ఒకటి లేదా అంతకంటే ఎక్కువ అనే ప్లస్, ఉంటే ఉండవచ్చు అనే ప్రశ్నార్థకం కూడా వాటితో పాటు వచ్చాయి. 1979 నాటి ఏడో ఎడిషన్‌లో గ్రెప్, ఈగ్రెప్ పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానిలో ఉత్త బ్రాకెట్ మామూలుది, మరొకదానిలో ప్రత్యేకమైంది.

ఫైలు పేర్ల దగ్గర ఇంకో చీలిక అప్పటికే ఉంది. యునిక్స్ షెల్‌లో స్టార్ అంటే ‘ఏమైనా, ఎంతైనా’. దాని ముందు ఇంకో అక్షరం అక్కర్లేదు. ప్రశ్నార్థకం అంటే ఏదైనా ఒక్క అక్షరం, అంటే ఎడ్‌లో చుక్క చేసే పని. ఫైలు పేర్లలో చుక్క ఎలాగూ ఉంటుంది కాబట్టి అక్కడ దాన్ని ముట్టుకోకూడదు. ఆ నిర్ణయం సబబే. కానీ ఒకే మనిషి ఒకే టెర్మినల్ మీద ఒకే రోజు స్టార్‌ను రెండు అర్థాల్లో వాడవలసి వచ్చింది.

1976 నుంచి బర్క్‌లీలో బిల్ జాయ్ ఎక్స్ అనే ఎడిటర్‌ను, దాని తెర రూపమైన వీఐని రాసినప్పుడు ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నారు. గుర్తులకు ప్రత్యేకార్థం ఉండాలా వద్దా అన్నది వాడేవాళ్లకే వదిలేశారు. ఆ అమరిక పేరు ‘మ్యాజిక్’. అది తీసేస్తే నమూనాలో టోపీ, డాలరు తప్ప మిగతావన్నీ మామూలు అక్షరాలు. వాటి మహిమ కావాలన్నప్పుడు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. వీఐకి వారసుడైన విమ్ ఎడిటర్లో ఈ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లారు. నమూనా మొదట్లోనే ఒక గుర్తు పెట్టి, ‘ఇక్కడి నుంచి అన్నీ ప్రత్యేకమే’ అని గానీ ‘ఇక్కడి నుంచి ఏదీ ప్రత్యేకం కాదు’ అని గానీ చెప్పవచ్చు. అక్షరానికి సహజార్థం ఏది, ఆరోపితార్థం ఏది అన్నది ప్రకృతి నిర్ణయం కాదని, మనం పెట్టుకున్న ఒప్పందమేనని ఇంత స్పష్టంగా ఒప్పుకున్న ప్రోగ్రాం నాకు మరొకటి కనబడలేదు.

1992లో యునిక్స్ తరహా వ్యవస్థల కోసం పాసిక్స్ ప్రమాణం వచ్చి రెండు సంప్రదాయాలనూ అలాగే ఉంచి, ఒకదానికి ‘బేసిక్’ అని, మరొకదానికి ‘ఎక్స్‌టెండెడ్’ అని పేర్లు పెట్టింది. తగవు తీర్చలేక ఇల్లు రెండు వాటాలు చేసినట్టు.

అసలైన సంస్కరణ ప్రమాణం రాసేవాళ్ల నుంచి రాలేదు. టొరంటో విశ్వవిద్యాలయంలో హెన్రీ స్పెన్సర్ 1986లో అందరికీ ఉచితంగా ఇచ్చిన రెజెక్స్ లైబ్రరీ మీద నిలబడి, లారీ వాల్ తన పెర్ల్ భాషలో ఒక సూటి నియమం పెట్టారు. అక్షరం గానీ అంకె గానీ కాని ఏ గుర్తు ముందైనా బ్యాక్‌స్లాష్ ఉంటే, ఆ గుర్తు కచ్చితంగా మామూలుదే. ప్రత్యేకార్థం ఇచ్చే బ్యాక్‌స్లాష్ అక్షరాలు, అంకెల ముందు మాత్రమే వస్తుంది: అంకెలన్నిటికీ బ్యాక్‌స్లాష్-డి, ఖాళీకి బ్యాక్‌స్లాష్-ఎస్, పదంలో వచ్చే అక్షరానికి బ్యాక్‌స్లాష్-డబ్ల్యూ. ఫలానా గుర్తు ప్రత్యేకమైందా కాదా అని తెలియకపోయినా, ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెడితే నష్టం లేదు. ఇరవై ఏళ్ల గందరగోళానికి ఒక్క వాక్యంలో ఇచ్చిన జవాబు ఇది. దీనికి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం. 1997లో కేంబ్రిడ్జ్‌లో ఫిలిప్ హేజెల్ రాసిన పీసీఆర్ఈ లైబ్రరీ ద్వారా పెర్ల్ పద్ధతి తక్కిన ప్రోగ్రాంలకూ పాకింది.

పెర్ల్ దారిలో పోయినది ఒకటుంది, థాంప్సన్ 1968 పద్ధతి. స్పెన్సర్ లైబ్రరీ, దాని వారసులు అన్ని దారులనూ ఒకేసారి వెంట ఉంచుకోవు. ఒక దారి పట్టి చివరిదాకా వెళ్లి, కుదరకపోతే వెనక్కి వచ్చి మరొకటి చూస్తాయి. మామూలుగా ఇది వేగమే. కొన్ని నమూనాల్లో మాత్రం దారులు రెట్టింపవుతూ పోతాయి. 2007లో రస్ కాక్స్ రాసిన వ్యాసంలో ఒక ఉదాహరణ ఉంది: 29 అక్షరాల పాఠం మీద ఒక నమూనాను తేల్చడానికి పెర్ల్‌కు 60 సెకన్లు దాటింది, థాంప్సన్ పద్ధతికి 20 మైక్రోసెకన్లు సరిపోయాయి. 2019 జూలై 2న క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ సేవల సంస్థ వెనుక ఉన్న వెబ్‌సైట్లు ప్రపంచవ్యాప్తంగా 27 నిమిషాలపాటు మొరాయించాయి. కారణం కొత్తగా చేర్చిన ఒక నమూనాలో చుక్క, స్టార్ జంట మళ్లీ మళ్లీ రావడం. చుక్క స్టార్, అంటే ‘ఏదైనా, ఎంతైనా’. ఆ రెండు గుర్తుల్లో ఎంత పని దాగి ఉందో రాసినవాళ్లకు కళ్లముందు కనబడదు.

తెలుగులో స్టార్‌నూ చుక్క అంటాం, వాక్యం చివరి బిందువునూ చుక్కే అంటాం. ఈ రెండు చుక్కలు తెలుగు పాఠం మీద పడ్డప్పుడు ఏమవుతుంది? ఎడ్ పుట్టిన లోకంలో అక్షరం అంటే టెలిటైప్ ఒక్క దెబ్బకు అచ్చువేసేది. ‘ఏదైనా ఒక అక్షరం’ అన్న మాటకు అక్కడ అర్థం నిస్సందేహం. లోకంలోని లిపులన్నిటికీ సంఖ్యలిచ్చే ప్రమాణంగా 1991లో వచ్చిన యూనికోడ్ తెలుగుకు 128 స్థానాల గది ఇచ్చింది. అందులో హల్లుకు ఒక స్థానం, గుణింతపు గుర్తుకు ఒక స్థానం, పొల్లుకు ఒక స్థానం. చాలా రెజెక్స్ ఇంజిన్లలో చుక్క పట్టుకునేది ఇలాంటి ఒక్క స్థానాన్ని. కాబట్టి ‘ర’, చుక్క, ‘మ’ అని వెతికితే రామ దొరుకుతుంది. రోమం దొరుకుతుంది, శ్రీమతి దొరుకుతుంది, రకమైన కూడా. ధర్మం కూడా దొరుకుతుంది, ఎందుకంటే ర్మ అనే ఒత్తక్షరం లోపల ర, పొల్లు, మ అని మూడు స్థానాలున్నాయి. రామలో దీర్ఘం, ధర్మంలో పొల్లు, రకమైనలో పూర్తి హల్లు, ఈ మూడూ చుక్కకు సమానమే. తెలుగు చదివే మనిషి ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడు.

హద్దుల గుర్తు దగ్గర కూడా ఇదే. చదరపు బ్రాకెట్లలో క నుంచి హ దాకా అని రాస్తే హల్లులన్నీ వస్తాయని అనుకుంటాం. దాదాపుగా వస్తాయి. కానీ దంత్య చ, దంత్య జలు (ౘ, ౙ) 2008లో ఆలస్యంగా చేరి, హ దాటిన తర్వాత ఎక్కడో చోటు దక్కించుకున్నాయి. పాత గ్రంథాల పాఠంలో హల్లులు ఏరేవాళ్లు వాటిని విడిగా పిలవాలి. వరుసక్రమంలో చోటు లేనిది హద్దుల మధ్యకు రాదు, శివసూత్రాల్లో అయినా యూనికోడ్‌లో అయినా.

పదంలోని అక్షరాలకు పెట్టిన బ్యాక్‌స్లాష్-డబ్ల్యూ అయితే మరీ బాధపెడుతుంది. పైథాన్‌తో పాటు వచ్చే రెజెక్స్ మాడ్యూల్‌కు ‘తెలుగు’ అన్న మాటనిచ్చి, అందులో పదాలను ఏరమంటే త, ల, గ అని మూడు ముక్కలు చేతిలో పెడుతుంది. గుణింతపు గుర్తులు దాని లెక్కలో అక్షరాలూ కావు, అంకెలూ కావు. తెలుగు పాఠాల మీద పని మొదలుపెట్టిన కుర్రవాళ్లు తమ ప్రోగ్రాంలోనే ఏదో తప్పుందనుకుని గంటలు పోగొట్టుకోవడం నేను చూశాను. తప్పు వాళ్లది కాదు. పెర్ల్ ఈ గుర్తులను పదంలో భాగంగానే లెక్కిస్తుంది. రెజెక్స్‌ల గురించి యూనికోడ్ సంస్థ ప్రచురించిన నివేదిక కూడా అలాగే లెక్కించమని చెబుతుంది.

ఆ నివేదికే మరో గుర్తును సిఫారసు చేసింది. చుక్కకు బదులు బ్యాక్‌స్లాష్, పెద్ద ఎక్స్: చదివేవాళ్లు ఒక అక్షరమనుకునే మొత్తం ఎంతో, అంతా ఒకేసారి పట్టుకునే గుర్తు. చాలాకాలం అది కూడా మన ఒత్తుల దగ్గర తడబడింది. పొల్లు దగ్గర అక్షరం ముగిసిందనుకుని క్షను క్, ష అని విడగొట్టేది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళంతో పాటు తెలుగుకూ నియమం మార్చారు. హల్లు, పొల్లు, హల్లు కలిసి వస్తే అది ఒకే అక్షరం. ‘పు’కూ ‘కం’కూ మధ్య ఏదో ఉన్న మాట కోసం, పుస్తకం దొరకాలని వెతికేవాళ్లు ఎడ్ నాటి చుక్కతో అయితే మూడు చుక్కలు పెట్టాలి, స్త లోపల మూడు స్థానాలున్నాయి గనక. పాత బ్యాక్‌స్లాష్-ఎక్స్‌తో అయితే రెండుసార్లు రాయాలి. కొత్త నియమాన్ని చేర్చుకున్న ఇంజిన్లలో ఒక్కసారి రాస్తే చాలు, రెండో తరగతి పిల్ల పలకమీద ‘స్త’ను ఒక అక్షరంగా లెక్కపెట్టినట్టే.